తాళమువేసిన ఫోనుమీద తెరచియున్న యుత్తరము

కోట్‌పల్లి మండలపు రైతులకు నేడు వచ్చు సొమ్ములో మిక్కిలి భాగము చేతికి రాకమునుపే ఫోను తెరమీద కనబడుచున్నది. కందులమ్మిన సొమ్ము, ప్రత్తి సొమ్ము, రైతు భరోసా, పీఎం కిసాన్ వాయిదా, దేనికైనను ముందుగా గంట మ్రోగును, తెర వెలుగును, రెండు మూడు పంక్తుల మెసేజి కనబడును. ఎంత జమయైనది, ఏ బ్యాంకులో జమయైనది, ఖాతాలో మొత్తమెంత నిలువయున్నది అను సంగతులన్నియు సాధారణముగా ఆ పంక్తులలోనే యుండును. ఫోనుకు తాళము వేసియున్నను ఈ పంక్తులు తాళమునకు వెలుపలనే కనబడును. ఫోనును ఎవడును తెరువనక్కరలేదు. ప్రక్కన కూర్చున్నవాని కన్ను పడిన చాలును. తాళము తీయకమునుపు కనబడు ఈ తెరనే లాక్ స్క్రీను అందురు. దానిమీద వచ్చు మాటలను పరుల కంటబడకుండ ఎట్లు కాపాడుకొనవలెనో మన సంఘ సభ్యులకు తెలుపుటకై ఇది వ్రాయుచున్నాము.

మేము రైతు వేదికలో ఈ ప్రస్తావన తెచ్చినపుడెల్ల ఎవరో యొకరు, "మా తాన దాసుకునేటందుకు ఏమున్నది సారూ?" అని నవ్వుచుందురు. ప్రశ్న సహజమైనదే. కాని ధనముగలవాని ధనము బయటపడుటకంటె అప్పుగలవాని యప్పు బయటపడుటవలననే యెక్కువ నష్టము కలుగునని మా యనుభవము.

గడచిన కందికోతల కాలమున మేమొక కళ్లమువద్ద నుంటిమి. కందులు తూర్పారబట్టి కుప్పపోసియుండిరి. ఊరూర తిరిగి సరుకు కొను వ్యాపారి యొకడు వచ్చి, గింజను అఱచేత పోసికొని చూచి, ధర మాటలాడుచుండెను. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము కందులకు నిర్ణయించిన మద్దతుధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అంతకు తక్కువకు ఇయ్యననియు, సర్కారు కొనుగోలు కేంద్రము తెరచువఱకు గింజను నిలువయుంచెదననియు రైతు గట్టిగా పలికెను. ఇంతలో గోనెపట్టామీద వెల్లకిల పెట్టియున్న యాతని ఫోను వెలిగెను. పంటఋణపు గడువు సమీపించినది, ఇంత మొత్తము చెల్లింపవలెనని బ్యాంకువారి మెసేజి. రైతు చూపు కుప్పమీద నుండెను. వ్యాపారి చూపు ఫోనుమీద పడెను. అటుపిమ్మట ఆతడు బేరమాడుట మానెను. "సరే, నీ ఇష్టం. నాలుగు దినాలకు మళ్ల వస్త" అని లేచిపోయెను. నాలుగు దినములకు తిరిగివచ్చి, మొదట చెప్పినదానికంటె తక్కువ ధర చెప్పెననియు, రైతు దానికే యిచ్చివేసెననియు మాకు పిదప తెలిసినది.

ఆ వ్యాపారి దొంగ కాడు. కన్నెదుట వెలిగినదానిని చదివెను, అంతియే. అయినను ఆతడు చదివినదాని విలువ యెంతయో ఆలోచింపుడు. 3 లక్షల రూపాయల లోపు పంటఋణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు; గడువులోపల చెల్లించినవారికి అందులో 3 రూపాయలు తగ్గించి 4 రూపాయలకే సరిపెట్టుదురు. గడువు దాటినచో ఆ తగ్గింపు పోవును, మరుసటి యేటి యప్పుకును చిక్కువచ్చును. కావున గడువు దగ్గరపడిన రైతు ఏదో యొక ధరకు అమ్మకతప్పదని వ్యాపారము చేయువాడెవ్వడైనను ఎఱుగును. బేరమునందు తన తొందర ఎదుటివానికి తెలియకుండుటయే అమ్మువానికి గల బలము. తాండూరు కంది 2022లో భౌగోళిక గుర్తింపు పొంది, రుచికిని ఉడుకుటకును పేరుగాంచినది. అట్టి సరుకు చేతనుండియు మనవారు ధరలో తగ్గుటకు గల పెక్కు కారణములలో ఇదియు నొకటియని మేము తలచుచున్నాము.

ఇట్టి చిక్కు ఫోనుతో పుట్టినది కాదు. మన దేశమున పోస్టుకార్డు 1879 జూలై 1న పావు అణా వెలకు అమ్మకమునకు వచ్చెను. అది చౌక, అందఱకును అందుబాటు. కాని దారిలో నెవ్వరైనను చదువవచ్చును. అందుచేతనే అప్పు సంగతియు, పెండ్లి సంబంధపు సంగతియు, కోర్టు సంగతియు కార్డుమీద వ్రాయక, కొంత యెక్కువ చెల్లించి కవరులో నంటించి పంపెడివారు. మేము చదివిన మిషను బడి వసతిగృహమున ఇండ్లనుండి వచ్చు ఉత్తరములను ముందు వార్డెను చూచి పిదప మాకిచ్చుట వాడుకగా నుండెను. మా నాయనకు ఆ సంగతి తెలియును. ఆయన యుత్తరములలో వానలు, ఎడ్లు, చుట్టముల క్షేమము తప్ప ఇంటి అప్పుల ముచ్చట ఎన్నడును ఉండెడిది కాదు. అక్షరజ్ఞానము అంతగా లేని మా నాయనకు ఏది కార్డున వ్రాయవలెనో, ఏది వ్రాయరాదో తెలిసియుండెను. నేడు వ్రాయువాడు బ్యాంకు, చదువుకొనవలసినవాడు రైతు. కవరా కార్డా యని నిర్ణయించుట మాత్రము మన ఫోనుచేతిలో నున్నది. ఆ నిర్ణయమును మనము చేయనిచో పెక్కు ఫోనులు దానిని కార్డుగనే చూపును.

అప్పు సంగతి యొక యెత్తు, ఓటీపీ యొక యెత్తు. ఓటీపీ యనగా ఒక్కసారి మాత్రము చెల్లు అంకె. మీరే ఆ పని చేయుచున్నారా యని తెలిసికొనుటకు ఎదుటి కార్యాలయము దానిని మీ ఫోనుకు పంపును. భూముల పోర్టలు, బ్యాంకు, ఆధార్, వాట్సాప్, అన్నియు ఈ యంకెనే నమ్ముకొనియున్నవి. వాట్సాప్ సంగతి చూడుడు. ఎవడో తన ఫోనులో వాట్సాప్ తెరచి మీ నంబరు వేయును. ఆరంకెల గుర్తు మీ ఫోనుకు వచ్చును. ఆ సమయమున మీ ఫోను చాయ హోటలు బల్లమీదనో, ఎరువుల దుకాణములో చార్జింగు తీగకో యుండి, ఆ యంకెలు తాళపు తెరమీదనే కనబడినచో, చూచినవాడు వానిని తన ఫోనులో కొట్టుకొనును. అంతటితో మీ వాట్సాప్ వాని చేతికి పోవును. తరువాత మీ బావమఱదికిని, మీ వియ్యంకునికిని మీ పేరనే "అర్జెంటుగా పదివేలు పంపు" అని మెసేజీలు పోవును. వాట్సాప్ సెట్టింగులలో టూ స్టెప్ వెరిఫికేషను అను ఏర్పాటు కలదు. దానిలో మీకు మాత్రమే తెలిసిన ఆరంకెల పిన్నును ముందుగా పెట్టుకొనినచో, వచ్చిన గుర్తును చూచినంత మాత్రమున ఎవనికిని పని జరుగదు.

ఇంటిలోని మాట కొంచెము సున్నితమైనది. "ఆలుమగల నడుమ దాపరికమేల?" అని పెద్దలు కొందఱు మమ్మడిగిరి. దాపరికము నేర్పుట మా యుద్దేశము కాదు. పొదుపు సంఘపు సభ్యురాలికి సంఘమువారి సొమ్ము గూర్చి వచ్చు మెసేజి సంఘమునకు సంబంధించినది. ఆసుపత్రి పరీక్షల ఫలితము ఆ రోగికి సంబంధించినది. దానిని ఎప్పుడు, ఎవరితో, ఎట్లు చెప్పుకొనవలెనో నిర్ణయించుకొనుట ఆమె పని గాని, ఇంటికి వచ్చిన చుట్టముల యెదుట వెలిగెడి తెర పని కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, గోప్యత ప్రతి పౌరునికిని ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ తీర్పుచెప్పినది. కోర్టు వఱకు పోకయే సెట్టింగులలో ఒక్క మీట నొక్కి కొంత గోప్యతను మనమే సంపాదించుకొనవచ్చును.

ఇక చేయు విధము. మొదట ఫోనుకు నిజమైన తాళముండవలెను. వ్రేలితో తెరను పైకి త్రోసిన తెరచుకొను ఫోనుకు తాళము లేనట్లే. అట్టి ఫోనులో మెసేజిని మాటుపెట్టుటకు అర్థమును లేదు, ఆండ్రాయిడ్ ఫోనులలో పెక్కింట ఆ మీటయే కనబడదు. మన మండలములో మేము చూచిన ఫోనులలో తాళము లేనివి చాల నున్నవి. కారణము అజాగ్రత్త యని పట్టణమువారు తలంతురు. అది సరికాదు. వ్రేలిముద్రతో తెరచు ఏర్పాటును దుకాణమువాడు పెట్టి పంపును. ప్రత్తి ఏరి, కొడవలి పట్టి, రాతిపని చేసి అరిగిన వ్రేళ్లకు ముద్రలు సరిగా పడవు. తడిమట్టి అంటిన వ్రేలిని ఫోను గుర్తింపదు. పదిమార్లు నొక్కి విసిగి, చివరకు తాళమే తీయించివేయుదురు. ఇట్టివారికి మా సలహా యేమనగా, ముద్రను నమ్ముకొనక ఆరంకెల పిన్ను పెట్టుకొనుడు. ముద్రయే కావలెనన్నచో పనిచేయు చేతి చూపుడువ్రేలికి బదులు రెండవచేతి బొటనవ్రేలిని, చేతులు కడుగుకొని, ఆరిన పిదప నమోదు చేయుడు. చుక్కలను కలుపుచు గీయు ప్యాటర్ను మాకు నచ్చదు. ఎదుట కూర్చున్నవానికి ఒక్కసారి చూచిన నోటికి వచ్చును. తెరమీద చమురుచేతి గీత కూడ మిగులును. పుట్టిన సంవత్సరమును, 1234ను పిన్నుగా పెట్టుకొనుట గుమ్మముమీదనే తాళపుచెవి నుంచుటవంటిది.

తాళము పెట్టిన పిదప సెట్టింగ్స్ తెరచి, నోటిఫికేషన్స్ అను చోటికి పోవలెను. అందు లాక్ స్క్రీనునకు సంబంధించిన పంక్తి యుండును. కొన్ని కంపెనీల ఫోనులలో ఇది నోటిఫికేషన్స్ క్రిందకాక లాక్ స్క్రీన్ అను శీర్షిక క్రిందనే యుండును; మాటలును కొంచెము మాఱుచుండును. సాధారణముగా మూడు దారులు కనబడును. అన్నియు చూపుట మొదటిది, సంగతిని దాచి వచ్చినదన్న మాట మాత్రము చూపుట రెండవది, ఏమియు చూపకుండుట మూడవది. మీరు రెండవదానిని ఎన్నుకొనుడు. ఐఫోను గలవారు నోటిఫికేషన్స్ లోపల షో ప్రివ్యూస్ అనుచోట వెన్ అన్‌లాక్డ్ అని పెట్టుకొనవలెను. అప్పుడు గంట మ్రోగును, మెసేజి వచ్చినట్లు గుర్తు కనబడును. లోపలి మాట మాత్రము మీరు తాళము తీసినపుడే కనబడును.

పెట్టితిమని తృప్తిపడక పరీక్షించి చూడవలెను. విత్తనమును మొలకకట్టి చూచుకొని గదా చల్లుదుము. ఫోనుకు తాళమువేసి బల్లమీద పెట్టి, ఇంటిలోని మఱొక ఫోనునుండి ఒక సాధారణ మెసేజి, ఒక వాట్సాప్ మెసేజి పంపించుడు. ఈ పరీక్షలో తఱచుగా ఒక వింత బయటపడుచుండును. ఫోనువాని సెట్టింగు సరిగానే యుండును గాని, పిలిచినవాని పేరు చూపుటకై వేసికొనిన వేఱొక యాప్, మెసేజిని తన సొంత పెట్టెలో తెరమీద చూపుచుండును. అట్టిదానిని దాని సెట్టింగులలోనికి పోయి వేఱుగా ఆపవలెను, లేదా తీసివేయవలెను.

కొందఱు మూడవ దారి ఎన్నుకొని మెసేజీలనే పూర్తిగా ఆపివేయుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. ఖాతానుండి సొమ్ము పోయినపుడు మొదట కేకవేయునది ఆ మెసేజియే. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వాణిజ్య బ్యాంకులకును, అదే సంవత్సరము డిసెంబరు 14న సహకార బ్యాంకులకును ఇచ్చిన ఉత్తరువులలో, బ్యాంకుది గాని ఖాతాదారునిది గాని తప్పులేక మూడవవాని వలన సొమ్ము పోయినచో, ఖాతాదారుడు సమాచారమందిన మూడు పనిదినముల లోపల బ్యాంకుకు తెలిపినయెడల నష్టము ఆతనిమీద పడరాదని యున్నది. ఓటీపీని, పిన్నును తానే యితరులకు చెప్పినచో, బ్యాంకుకు తెలుపువఱకు జరిగిన నష్టము ఖాతాదారునిదే. కాబట్టి మెసేజిని పరులు చదువకుండుట ఎంత ముఖ్యమో, మీరు వెంటనే చదువుట అంత ముఖ్యము. దినమునకు రెండుమార్లయినను, ఉదయము పాలుపిండిన పిదపను, రాత్రి భోజనమునకు ముందును, తాళము తీసి చూచుకొనుడు. తెలియని ఖర్చు కనబడినచో 1930 అను నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. సైబరు మోసములకై దేశమంతటికి ఏర్పడిన నంబరిది. బ్యాంకుకును అప్పుడే చెప్పవలెను. సొమ్ము ఖాతాలు మాఱిపోవుటకు ముందు ఫిర్యాదు చేరిననే దానిని నిలుపుటకు వీలుకలుగును. రేపు బ్యాంకుకు పోయి అడుగుదమని ఆగరాదు.

ఇంత చేసినను ఒక కన్నము మిగిలియుండును. దానిని మెకానిక్కులు బాగుగ నెఱుగుదురు, రైతులు ఎఱుగరు. ఫోను దొంగిలినవాడు తాళము తీయలేకపోయిన, ప్రక్కనున్న చిన్న పళ్లెమును సూదితో లాగి సిమ్మును తీసి, తన ఫోనులో వేసికొనును. అప్పటినుండి మీ నంబరునకు వచ్చు ఓటీపీలన్నియు వానికే వచ్చును. లాక్ స్క్రీనుమీద దాచినదంతయు వ్యర్థమగును. దీనికి మందు సిమ్ము పిన్ను. ఇది ఫోను తాళము వేఱు, సిమ్ము తాళము వేఱు. సిమ్ము పిన్ను పెట్టినచో, సిమ్మును మఱొక ఫోనులో వేసినపుడును, ఫోను ఆపి తిరిగి తెరచినపుడును, ఆ యంకె అడుగును. కాని ఇక్కడ హెచ్చరిక: మొదటి పిన్ను ఏమియో కంపెనీవారిని అడిగి తెలిసికొననిదే ఊహించి కొట్టరాదు. మూడుమార్లు తప్పిన సిమ్ము ఆగిపోవును. దానిని తెరచుటకు కంపెనీవారిచ్చు పీయూకే అను ఎనిమిదంకెలు కావలెను. దానిని పదిమార్లు తప్పినచో ఆ సిమ్ము ఇక పనికిరాదు. ఫోనే పోయినచో మొదట కంపెనీకి చెప్పి సిమ్మును ఆపించి, పోలీసు ఫిర్యాదు చేసి, 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము తెరచిన సంచార్ సాథీ పోర్టలులో ఫోనునే పనిచేయకుండ చేయించవచ్చును. ఆదివారములందు కోట్‌పల్లి ప్రాజెక్టున పడవ నడుపుటకు వచ్చు పట్నపు యువకులు తమ ఫోనులను గట్టుమీది సంచిలో విడిచి నీటిలో దిగుచుందురు. వారికిని ఈ మాట పనికివచ్చును గాని, వారు మన పత్రిక చదువరు.

మీటల ఫోను వాడు పెద్దలకు పై సెట్టింగులు దొరకవు. ఆ ఫోనులో ఒక్క మీట నొక్కిన మెసేజి తెరచుకొనును. సెక్యూరిటీ కోడు అను ఏర్పాటు కొన్నింట కలదు. దానిని మనుమలచేత పెట్టించుకొనుడు. అదియు లేనియెడల, బ్యాంకు నంబరుగల సిమ్మునున్న ఫోనును దుకాణములలో చార్జింగునకు ఇయ్యకుండుటయే మేలు.

మఱొక ముఖ్య విషయము. తెరమీద మాటను ప్రక్కవాడు చదువకుండ చేసితిమి. ఫోను లోపల కూర్చున్నవాడు చదివిన? పీఎం కిసాన్ పేర, బ్యాంకు పేర, ఏపీకే యను తోకగల ఫైలులు వాట్సాప్‌లో తిరుగుచున్నవి. దానిని నొక్కిన ఒక యాప్ ఫోనులో దిగును. మెసేజీలను, నోటిఫికేషనులను చదువుటకు అనుమతి అడుగును. సర్కారు యాప్ గదా యని మనవారు అవునని నొక్కుదురు. అటుపిమ్మట తెరమీద దాచినను, లోపలినుండి ఓటీపీలు మోసగాని కడకు పోవుచుండును. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో నమ్మకములేని యాప్‌లకు నోటిఫికేషనులలోని ఓటీపీని మఱుగుపఱచు ఏర్పాటు చేసిరి. మన చేతులలోని పాత ఫోనులకు ఆ రక్షణ లేదు. కావున సెట్టింగులలో నోటిఫికేషన్ యాక్సెస్ అనుచోట ఏయే యాప్‌ల పేరులున్నవో ఒకసారి చూచి, ఎఱుగనివానిని తొలగింపుడు. సర్కారు సొమ్ము ఏ పథకము క్రిందనైనను వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలుద్వారా రాదు.

ఓటీపీ చెప్పుమని ఫోను చేయువాని సంగతి ఇదివఱకే పలుమార్లు అందఱును చెప్పియున్నారు, ఇక్కడ విస్తరింపము. తెరను ఎంత మాటుపఱచినను, నోట చెప్పినదానికి సెట్టింగు లేదు.

సభ్యులలో ఎవరికైనను ఈ ఏర్పాటు చేసికొనుట కష్టమైనచో, మేము రైతు వేదికకు వచ్చు దినమున ఫోనును పూర్తిగా చార్జింగు చేసి తీసికొనిరావలెను. మీటలను మేము చూపెదము, నొక్కవలసినది మీరే. పిన్ను కొట్టునపుడు మేము ముఖము త్రిప్పుకొందుము. మీ పిన్నును మాకు గాని, సంఘ గుమాస్తాకు గాని, మఱెవ్వరికి గాని చెప్పనక్కరలేదు. సిమ్ము పిన్ను కావలసినవారు తమ సిమ్ము ఏ కంపెనీదో, మొదటి పిన్ను ఎంతయో ముందుగా కంపెనీవారి సహాయ నంబరునకు ఫోను చేసి తెలిసికొని, కాగితముపై వ్రాసికొని రావలయును.